కొండ వైపు కిటికీ

పార్సిప్పనీ, న్యూజెర్సీ
మార్చి 9

అన్నయ్యకు శశి రాసేది,

నిన్న ఫోన్ పెట్టేశాక ఉత్తరం రాయడమే మేలనిపించింది. మనిద్దరం ఫోనెత్తితే మన దీవి వీధిభాష క్రెయోల్‌లోకి దిగుతాం. క్రెయోల్‌లోకి దిగితే దెబ్బలాడుకుంటాం. తెలుగు నాన్న ఊరి బైఠకాలో సాయంత్రం బడి పెట్టి, బెత్తం పట్టుకుని నేర్పింది కాబట్టి, అందులో మాత్రం ఇద్దరం మర్యాదగా ఉంటాం.

మారిషస్ మీద నా మూడో పుస్తకానికి పబ్లిషర్ వాళ్లు ఒప్పుకున్నారు. మొదటిది ఊళ్లలో చీనా వాళ్ల దుకాణాల గురించి, రెండోది వంటిళ్ల గురించి రాశాను. రెండుసార్లూ "బీచ్ ఫోటో ఒక్కటీ లేకుండా మారిషస్ పుస్తకమా?" అని అడిగారు. ఈసారి అడగలేదు, అలవాటు పడ్డారు. ఇది రేకుల ఇళ్ల గురించి. చెరకు తోటల పక్కన, తగరపు రేకు కప్పుతో, చూరుకి కత్తిరించిన రేకు జాలరుతో మనందరం పుట్టి పెరిగిన ఇళ్లు. ఇప్పుడు ఊరికి ఒకటో రెండో మిగిలాయట. మిగతావన్నీ డాబాలు.

దీనికి బొమ్మలు నువ్వే గీయాలి. ముప్పై ఏళ్లు అట్లాంటాలో పరాయి వాళ్ల బిల్డింగులకి ప్లాన్లు గీశావు. ఇప్పుడు మన వాళ్ల ఇళ్లు గీయి. అన్నిటికంటే ముఖ్యంగా మన ఇల్లు. దానికి ఫోటో లేదు. మన చిన్నప్పుడు కెమెరా ఉన్నవాడు పెళ్లికి వచ్చేవాడు గాని ఇంటికి వచ్చేవాడా? బాబాయి అమ్మేశాక పడగొట్టేశారు. నువ్వు గీస్తే ఉంటుంది, లేకపోతే లేదు.

వదిన పోయాక నువ్వు టీవీ ముందు నుంచి లేవడం లేదని మీ దేదీప్య అంది. అందుకని అడగడం లేదు. అందుకని కూడా అడుగుతున్నాను.

శశి

---

కమ్మింగ్, జార్జియా
ఏప్రిల్ 2

శశీ,

నేను టీవీ చూస్తున్నానని మా అమ్మాయి చెప్పిందా? టీవీ ఉన్న వైపు కూర్చుంటున్నాను, అంతే.

గరాజ్‌లోంచి డ్రాయింగ్ బల్ల బయటికి తీయించాను. దాని మీద మా అల్లుడి క్యాంపింగ్ సామాను ఉండేది. "మామయ్యా, ఇప్పుడు ఇదెక్కడ పెట్టను?" అని అడిగాడు. "క్యాంపింగ్‌కి తీసుకెళ్లు" అన్నాను. రెండేళ్లుగా వెళ్లలేదు వాళ్లు.

మూడు ఇళ్లు పంపుతున్నాను. అప్పడు మామ ఇల్లు, బైఠకా, పంచదార మిల్లు వాళ్లు కట్టించిన వరస ఇళ్లు. ప్రతి బొమ్మకీ కుడి పై మూల చిన్న ఇంటూ గుర్తుంటుంది. తప్పనుకోకు. ముందు ఒక ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో గీస్తాను. దాని మీద ఇంకో ట్రేసింగ్ కాగితం పరిచి సిరాతో దిద్దుతాను. పల్చటి కాగితం కదా, పెన్సిల్ గీత రెండు వైపులా కనిపిస్తుంది. ఏది పైవైపో తెలియడానికి ఆ గుర్తు. ఆఫీసులో అందరం అలాగే చేసేవాళ్లం.

మన ఇల్లు పెన్సిల్‌లో అయిపోయింది. బాగా వచ్చింది. సిరా మాత్రం ఆఖర్న వేస్తాను. ముందు మిగతా ఇళ్ల మీద చెయ్యి కుదరాలి.

కారు దేదీప్యకి ఇచ్చేశాను. ఇక్కడ ట్రాఫిక్ పెరిగింది.

అన్నయ్య

---

పార్సిప్పనీ
జూన్ 14

అన్నయ్యకు,

ఇప్పటికి ఎనిమిది వచ్చాయి. అప్పడు మామ ఇంటి అరుగు మీద కుక్కని కూడా మర్చిపోలేదు నువ్వు. ఎవరు వెళ్లినా కరిచేది, దాన్ని పుస్తకంలో పెట్టి గౌరవించావు. పబ్లిషర్ వాళ్లకి అన్నీ స్కాన్ చేసి పంపాను. బాగున్నాయన్నారు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మా అపార్ట్‌మెంట్స్‌లో కొత్తగా దిగిన తెలుగు పిల్లలు "ఆంటీ, మీ తెలుగు పాత సినిమాల్లో తెలుగులా ఉంది, ఏ జిల్లా మీది?" అని అడిగారు. మారిషస్ అంటే నవ్వారు. అక్కడికి హనీమూన్‌కి వెళ్తారు కదా అన్నారు.

నీ చేతిరాత ఏమిటి ఇంత బాగైంది? అక్షరాలు పెద్దవయ్యాయి, వరస అచ్చు వేసినట్టు తిన్నగా ఉంది. నాన్న చూస్తే బెత్తం దాచేసేవాడు.

మన ఇల్లు గీసేటప్పుడు తుఫాను రోజున ఉన్నట్టు గీయి. ఆ అధ్యాయంలోనే వస్తుంది. నాకు ఆరేళ్లప్పటి తుఫాను. పోలీస్ స్టేషన్ మీద ఎర్ర జెండాలు ఎక్కాయి. నాన్న అన్ని కిటికీలకీ అడ్డ చెక్కలు కొట్టి, ఒక్కటి మాత్రం వదిలేశాడు. రోడ్డు మీద నిలబడి ఇంటికేసి చూస్తే ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు కొండ. గాలి ముందు సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి కొండ వైపు కిటికీ జానెడు తెరిచి ఉంచాలి. అన్నీ మూస్తే లోపలి గాలి కప్పు లేపేస్తుందనేవాడు. ఆ కిటికీ రెక్కకి తాడు కట్టి నీ చేతికిచ్చాడు. జానెడు దాటి తెరుచుకోకూడదు, మూసుకోకూడదు. నేను ఆ సందులో మొహం పెట్టి అరటి చెట్లు పడిపోవడం చూశాను. నడిమధ్యలో గాలి ఆగి, మళ్లీ కొండ వైపు నుంచి మొదలయ్యేలోపు నాన్న ఆ కిటికీ మూసి సముద్రం వైపుది తెరిచాడు. అదంతా రాశాను. బొమ్మ నువ్వివ్వాలి.

ఇంకా ఆరు ఇళ్లున్నాయి. తొందరేం లేదు.

శశి

---

కమ్మింగ్
ఆగస్టు 3

శశీ,

లావు పెన్ను కొన్నాను, అందుకే అక్షరాలు పెద్దవి. తిన్నగా రావడానికి అట్టముక్కలో వరసలు వరసలుగా సందులు కోసుకున్నాను. దాన్ని కాగితం మీద పెట్టి సందుల్లో రాస్తున్నాను. రిటైరైనవాడికి ఇలాంటి పనులుంటాయి.

నాలుగు పంపుతున్నాను. నువ్వు అడిగినవాటిలో శివాలయం వెనక ఇల్లు నాకు సరిగా గుర్తులేదు, దాన్ని వదిలెయ్. గుర్తులేనిదాన్ని గీయను.

ఆద్యకి వేసవి సెలవులు. పొద్దంతా నా బల్ల దగ్గరే ఉంటుంది. నిన్న "తాతా, నువ్వు నాతో టాక్ చేస్తావ్, బట్ నా చెవిని చూస్తావ్" అంది. "నీ చెవి బాగుంటుంది" అన్నాను. "రెండూ సేమ్ ఉంటాయి తాతా" అంది. వాళ్లమ్మ కంటే చురుకు.

తాడు విషయం నువ్వు రాశావు గాని, ఎంత మంట పుట్టిందో రాయలేదు. అరచేతులు కొట్టుకుపోయాయి. అమ్మ వెన్న రాసింది. నువ్వేమో "అన్నయ్యా, ఇంకొంచెం తెరువు, ఇంకొంచెం" అని ఒకటే గొడవ. నాన్న రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉన్నాడు కాబట్టి నీ వీపు మీద దెబ్బ పడలేదు.

ఈ నెలలో మన ఇంటికి సిరా వేస్తాను.

అన్నయ్య

---

పార్సిప్పనీ
సెప్టెంబర్ 11

అన్నయ్యా,

మన ఇల్లు వచ్చింది. ఒక పూటంతా చూశాను. రాయాలా వద్దా అని ఇంకో పూట ఆలోచించాను.

మెట్లు ఏ వైపు ఉండేవి? సముద్రం వైపు. నువ్వు కుడి చేతికి, కొండ వైపు వేశావు. వంటిల్లు కొండ వైపు ఉండేది, గాలి తగలకుండా. నువ్వు దాన్ని సముద్రం వైపు పెట్టావు. బట్టలుతికే నల్లరాయి వంటింటి వెంబడే వెళ్లి అక్కడ కూర్చుంది. ఇవి సరే అనుకున్నా, కిటికీ! తుఫాను గాలికి ఎదురుగా సముద్రం వైపు కిటికీ తెరిచావు. అలా తెరిస్తే కప్పు లేచిపోయేది, మనం ఇవాళ ఈ ఉత్తరాలు రాసుకునేవాళ్లం కాదు. ఆ తాడు పట్టుకున్నవాడివి నువ్వు. నువ్వే మర్చిపోతే ఎలా?

గీత మాత్రం బాగుంది. అదే బాధ. అప్పడు మామ కుక్క గుర్తుంది గాని మన వంటిల్లు ఎక్కడుందో గుర్తులేదా?

మళ్లీ గీయి అన్నయ్యా. ఇది పెట్టలేను. ఆ ఇల్లు చూసినవాళ్లలో మిగిలింది మనిద్దరమే. మనం తప్పు వేస్తే దిద్దేవాళ్లు లేరు.

శశి

---

కమ్మింగ్
సెప్టెంబర్ 20

శశీ,

బాగా లేకపోతే చింపెయ్. మన ఇల్లు లేకుండా పుస్తకం వెయ్యి.

అన్నయ్య

---

పార్సిప్పనీ
అక్టోబర్ 5

అన్నయ్యకు,

నీ రెండు వాక్యాల ఉత్తరం ఫ్రిజ్ మీద పెట్టాను. రోజూ చదువుతున్నాను. మర్యాదగా ఉంటాం అని తెలుగులో మొదలుపెట్టింది నేనే. ఆ మర్యాద తప్పింది కూడా నేనే.

ఒక సంగతి నీకు చెప్పలేదు. పబ్లిషర్ వాళ్లు జూన్‌లోనే నిర్ణయం మార్చుకున్నారు. మారిషస్‌లో ఒక ఫోటోగ్రాఫర్ దొరికాడు. మిగిలిన ఇళ్లకి ఫోటోలు తీయించారు, పడిపోయిన వాటికి పాత ఫోటోలు సంపాదించారు. పుస్తకంలో అన్నీ ఫోటోలే. మన ఇంటికి ఫోటో లేదు కాబట్టి దానికి ఒక్కదానికి నీ బొమ్మ. నీకు చెబితే బల్ల మళ్లీ గరాజ్‌లోకి వెళ్తుందని భయపడ్డాను. బాగున్నాయన్నారన్నది అబద్ధం కాదు. బాగున్నాయనే అన్నారు, తర్వాత వద్దన్నారు.

నీ బొమ్మలన్నీ నా గోడకి ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్లు పుస్తకం సంగతి వదిలేసి వాటినే చూస్తారు. అది నీకు ఓదార్పు కాదని తెలుసు.

మన ఇంటికి నవంబర్ ఆఖరు దాకా గడువు అడిగాను. ఇచ్చారు. నీకు ఓపిక ఉంటే మళ్లీ గీయి. లేకపోతే ఆ పేజీ ఖాళీగా వదలమంటాను. వేరే ఇల్లు మాత్రం పెట్టను.

చింపలేదు.

శశి

---

కమ్మింగ్
అక్టోబర్ 17

శశీ,

నీ ఉత్తరం దేదీప్య చదివి వినిపించింది. ఇకమీదట రాసేటప్పుడు అది గుర్తుంచుకో, అల్లుడి మీద ఏమైనా రాయాలంటే రాయకు.

నాకు చూపు తగ్గింది. రెండేళ్లుగా తగ్గుతోంది. ఎడమ కన్ను ముందే పోయింది, కుడిది జులైలో పోయింది. పూర్తిగా కాదు. నడిమధ్యన పొగ మచ్చ ఉంటుంది, అంచులు కనిపిస్తాయి. మనిషి మొహం కనిపించదు, చెవి కనిపిస్తుంది. ఆద్య సరిగ్గానే చెప్పింది. కంట్లో ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఉన్నది నిలబడుతుందట, పోయింది రాదట. నీకు చెప్పొద్దని దేదీప్య దగ్గర మాట తీసుకున్నాను. చెబితే పుస్తకం పని నా చేతిలోంచి తీసేసుకుంటావని.

నువ్వు జూన్‌లో చెప్పి ఉంటే మిగతా ఇళ్లు వదిలేసి మన ఇంటికి అప్పుడే సిరా వేసేవాణ్ణి. అప్పటికి కుడి కన్ను ఉంది. ఆ మిగిలిన చూపు మిల్లు వాళ్ల రేకులకి, పరాయి వాళ్ల జాలర్లకి ఖర్చు పెట్టాను. కోపం వచ్చింది నాకు. బల్ల మీదున్న సిరా సీసా ఎత్తాను కూడా. ఆద్య "తాతా, కార్పెట్" అంది. దించేశాను. తర్వాత నేనూ నీకు చెప్పలేదు కదా అనిపించింది. ఇద్దరం నాన్న పిల్లలమే.

మళ్లీ గీయలేను. ఆ ఒక్కటి గీయడానికే ఆగస్టు అంతా పట్టింది. గీత మీద చూపు పెడితే గీత పోయేది. పక్కకి చూస్తే వచ్చేది. అలా పక్కకి చూస్తూ, ఎడమ చేతి వేలు ముందు నడిపిస్తూ, కుడి చేత్తో సిరా వేశాను. పెన్సిల్ కాగితం పని అయిపోయిందని రీసైక్లింగ్‌లో వేయించాను.

ఒకటి మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఏప్రిల్‌లో పెన్సిల్‌తో గీసినప్పుడు నా కళ్లతో చూశాను. వంటిల్లు కొండ వైపే ఉంది. కిటికీ కొండ వైపుదే తెరిచి ఉంది. నేను దాని మీదే దిద్దాను, కొత్తగా ఏమీ వెయ్యలేదు. ఇంటూ గుర్తు కూడా తడుముకుని దిద్దాను. మరి సిరాలోకి వచ్చేసరికి ఇల్లు ఎలా మారిపోయింది? మర్చిపోయానని నువ్వు రాసినప్పటి నుంచి నాకే అనుమానంగా ఉంది. కళ్లు పోతే పోయాయి. ఇది కూడా పోతే కష్టం.

అన్నయ్య

---

పార్సిప్పనీ
అక్టోబర్ 24

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి లేచి బొమ్మ తీశాను. ఇంటూ గుర్తు ఎక్కడుందో చూశాను.

ఎడమ మూల ఉంది.

గోడ మీద వాటన్నిటికీ కుడి మూల ఉంది. దీనికి ఒక్కదానికే ఎడమ మూల. నువ్వు ఏప్రిల్‌లో రాసిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. పెన్సిల్ కాగితం బోర్లా పడింది అన్నయ్యా. రెండు వైపులా గీత కనిపిస్తుందని నువ్వే రాశావు. బోర్లా పడిన కాగితం మీద నువ్వు ఒక్క గీత పోకుండా దిద్దావు.

బాల్కనీ తలుపు అద్దం దగ్గరికి తీసుకెళ్లి, కాగితాన్ని తిప్పి అద్దానికి ఆనించాను. బయట మంచి ఎండగా ఉంది.

మెట్లు సముద్రం వైపు ఉన్నాయి. వంటిల్లు కొండ వైపు ఉంది. నల్లరాయి వంటింటి గోడ పక్కన, అమ్మ నిలబడేచోట అరిగి పల్లంగా ఉంది. నీళ్ల పీపా చూరు కింద ఉంది. కొండ వైపు కిటికీ జానెడు తెరిచి ఉంది. నువ్వేదీ మర్చిపోలేదు. చూసుకోకుండా తిట్టింది నేను. ఇల్లు చూడాల్సిన వైపు నుంచి చూడలేదు, అంతే జరిగింది.

ఆ అద్దం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. పక్కింటి వాళ్ల అమ్మాయి పార్కింగ్‌లోంచి చూసి "ఆంటీ, ఓకేనా?" అని చేతితో అడిగింది. ఓకే అని చేతితో చెప్పాను.

తిప్పి స్కాన్ చేసి ఈ పూటే పంపేశాను. వాళ్లు ఫోన్ చేశారు, అధ్యాయం మొదట్లోనే పూర్తి పేజీ వేస్తారట. తెరిచిన కిటికీలో చిన్న సిరా మచ్చ పడింది, దాన్నొక్కటీ తీసేయమని చెబుతాను. జూన్‌లో నేను చెప్పనిదానికి ఏం రాయాలో తెలియడం లేదు. థాంక్స్‌గివింగ్‌కి వస్తాను. ఎదురుగా తిట్టు. కావాలంటే క్రెయోల్‌లో.

శశి

---

కమ్మింగ్
అక్టోబర్ 31

శశీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. దేదీప్య మూడోసారి అడిగితే ఒప్పుకోలేదు, ఆద్య చదవబోయింది గాని దాని తెలుగుకి సాయంత్రం అయ్యేట్టుంది.

బోర్లా పడిందన్నమాట. మా ఆఫీసులో కొత్తవాడెవడైనా అలా చేస్తే వారం రోజులు నవ్వేవాళ్లం. నువ్వు నవ్వొచ్చు. ఒక్కటి చెప్పనీ. బోర్లా వేసినా కిటికీ పూర్తిగా తప్పు కాదు. గాలి మళ్లాక నాన్న తెరిచింది సముద్రం వైపుదే కదా.

ఆ మచ్చ తీయించకు. వాళ్లకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు. అది సిరా మచ్చ కాదు. ఏప్రిల్‌లో పెన్సిల్‌తో కిటికీ సందులో నిన్ను గీశాను. చిన్నగా, గోరంత. సిరా వేసేటప్పుడు ఆ చోట నాకేమీ కనిపించలేదు. వేలితో తడిమి, ఉందనుకున్నచోట వేశాను. ఎంత వచ్చావో, అసలు వచ్చావో లేదో నాకు తెలియదు. దేదీప్యని అడగలేదు, తను నిన్ను ఆ వయసులో చూడలేదు.

భూతద్దం పెట్టి చూసి రాయి.

అన్నయ్య

---

పార్సిప్పనీ
నవంబర్ 6

అన్నయ్యకు,

చూశాను. ఫోన్ చేసి చెప్పాను కూడా, మచ్చ తీయరు.

సగం మొహం వచ్చాను. ఒక కన్ను, ముక్కు, సగం నోరు. నోరు తెరిచి ఉంది, "ఇంకొంచెం తెరువు" అంటున్నట్టే ఉంది. ముక్కు మాత్రం పెద్దదైంది, అది చూపు మీద నెట్టకు, నువ్వు చిన్నప్పటి నుంచీ నా ముక్కుని అలాగే గీస్తావు.

ఇంకొకటి. కిటికీ రెక్క నుంచి లోపలికి ఒక గీత పోతోంది. చెక్క పగులనుకున్నాను ఇన్నాళ్లూ. భూతద్దంలో చూస్తే తాడు. లోపల చీకటి, నువ్వు కనిపించవు. తాడు మాత్రం బిగువుగా ఉంది.

శశి